పెద్దవాళ్ళ డైపర్ ఎవరి సాయం లేకుండా వేసుకోవడం ఎలా

మంచం మీద ఒక పక్కకి ఒత్తిగిలగలిగి, రెండు చేతులూ నడుము వెనక దాకా అందితే చాలు, డైపర్ వేసుకోవడానికి ఇంకో మనిషి అక్కర్లేదు. గోడకి ఆనుకుని నిలబడగలిగేవాళ్ళకైతే ఇంకా తేలిక. అయినా ఎంతోమంది భార్య కోసమో, కొడుకు కోసమో, కూతురు కోసమో ఎదురుచూస్తూ గంటల తరబడి తడిలోనే ఉండిపోతారు. ఎలా వేసుకోవాలో ఎవరూ పక్కన కూర్చుని నేర్పకపోవడమే కారణం. ఆసుపత్రిలో నర్సు మనకి వేసి వెళ్ళిపోతుంది. మన చేత వేయించి చూడదు.

నాకు నడుము ఆపరేషన్ అయ్యాక దాదాపు ఐదు నెలలు యూరిన్ మీద పట్టు లేదు. మొదటి మూడు వారాలు మా చెల్లెలే వేసేది. తను ఒక్కసారి కూడా విసుక్కోలేదు. కానీ రాత్రి రెండింటికి తనని లేపడానికి నాకు నోరు వచ్చేది కాదు. అలా లేపలేక తెల్లారేదాకా తడిలో పడుకుంటే తొడల మధ్య చర్మం ఎర్రగా కందిపోయింది. ఆ మంట భరించలేకే నేర్చుకున్నాను. మొదట్లో ఓ పదిసార్లు తప్పుగా వేసుకుని పక్కంతా తడుపుకున్నాను. ఆ పదిసార్లలో నాకు అర్థమైనదీ, తర్వాత నర్సులు, ఫిజియోథెరపిస్టు సరిదిద్దినదీ ఇక్కడ రాస్తున్నాను.

మీకు ఏ రకం కావాలి

డైపర్లు రెండు రకాలు. మొదటిది చెడ్డీలాగా కాళ్ళలోంచి పైకి లాక్కునేది, దాన్ని ప్యాంటు రకం అంటారు. రెండోది పూర్తిగా విచ్చుకుని, నడుముకి రెండు పక్కలా టేపులతో అంటించుకునేది. నడవగలిగి, బాత్రూమ్‌కి వెళ్ళేలోపు కొంచెం కారిపోయే వాళ్ళకి ప్యాంటు రకం సరిపోతుంది. యూరిన్ ఎక్కువగా పోతున్నా, విరేచనం ఆగకపోయినా, రాత్రంతా వేసుకోవాలన్నా, రోజులో ఎక్కువసేపు మంచం మీదే గడుస్తున్నా టేపు రకమే మంచిది. ఇది ఎక్కువ పీలుస్తుంది. పైగా మార్చుకోవడానికి కాళ్ళలోంచి ఏదీ లాగక్కర్లేదు. నేర్చుకోవాల్సిన పని ఉన్నది కూడా దీనికే, కాబట్టి ముందు దీని గురించే చెబుతాను.

సైజు దగ్గర చాలామంది పొరపాటు పడతారు. బట్టలు కొలిచే టేపుతో బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత, తుంటి బాగా వెడల్పుగా ఉన్నచోట ఇంకో చుట్టుకొలత తీసుకోండి. టేపు లేకపోతే దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద కొలవండి. రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్ని బట్టి, ప్యాకెట్ మీద రాసిన అంగుళాలు చూసి కొనండి. మీడియం, లార్జ్ అన్న మాటల్ని నమ్మొద్దు, అవి కంపెనీని బట్టి మారిపోతాయి. వదులుగా ఉంటే హాయిగా ఉంటుందనీ, పెద్దది ఎక్కువ పీలుస్తుందనీ పెద్ద సైజు తెచ్చుకుంటారు. తొడ దగ్గర వేలెడు సందు ఉంటే ఎంత మంచి డైపర్ అయినా అక్కడినుంచే కారుతుంది. నేను మొదట పక్కలు తడుపుకున్నది సగం దీనివల్లే.

ముందు ఒకదాన్ని విప్పి చూడండి

అవసరం లేని సమయంలో, పగటిపూట, వెలుతురులో ఒక డైపర్‌ని మంచం మీద పరచండి. టేపులు ఏ వైపు ఉన్నాయో ఆ వైపు వెనక్కి, అంటే పిరుదుల కిందికి రావాలి. టేపులు లేని వైపు పొట్ట మీదికి వస్తుంది. హడావుడిలో తిరగేసి వేసుకునేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఇది చేతికి అలవాటు కావాలి.

లోపల మధ్యలో మందంగా ఉన్నదే పీల్చుకునే భాగం. దూదిలాంటి గుజ్జులో సోడియం పాలీఆక్రిలేట్ అనే పొడి కలిపి ఉంటుంది. తడి తగలగానే ఆ పొడి ఉబ్బి జెల్లీలా అయిపోయి తడిని పట్టి ఉంచుతుంది. అందుకే తడిసిన డైపర్ మెత్తగా, బరువుగా అవుతుంది. ఆ మందపాటి భాగానికి రెండు పక్కలా, లోపలివైపు, పల్చటి గుడ్డలాంటి అంచులు కనిపిస్తాయి. ఎలాస్టిక్ ఉండటం వల్ల అవి కుచ్చులు పడి ఉంటాయి. వేలితో లేపితే చిన్న గట్టులా నిలబడతాయి. వీటిని గుర్తుపెట్టుకోండి. కారకుండా ఆపేది ఎక్కువగా ఈ గట్లే. బయట తొడ చుట్టూ వచ్చే కుచ్చులు వేరు. చాలా డైపర్లకి బయటివైపు మధ్యలో పసుపు గీత కూడా ఉంటుంది. తడిస్తే అది నీలంగానో ఆకుపచ్చగానో మారుతుంది.

ఒక్క డైపర్ పోయినా పరవాలేదనుకుంటే ఈ పని చేయండి. దాన్ని కొంచెం దోనెలా వంచి, ఒక గ్లాసు నీళ్ళు మెల్లగా మధ్యలో పోయండి. నీళ్ళు ముందు పక్కలకి పరిగెత్తుతాయి, గట్టుకి తగిలి ఆగుతాయి, కాసేపటికి లోపలికి ఇంకిపోతాయి. ఇప్పుడు ఒక గట్టుని వేలితో పడగొట్టి ఇంకో అరగ్లాసు పోయండి. ఆ పక్కనుంచి బయటికి వచ్చేస్తాయి. అది ఒకసారి కళ్ళారా చూస్తే ఆ గట్టుని లేపడం ఇక మర్చిపోరు.

అన్నీ చేతికి అందేలా

కొత్త డైపర్, తుడుచుకోవడానికి తడి గుడ్డ లేదా వైప్స్, ఒక పొడి మెత్తటి గుడ్డ, క్రీమ్, పాత డైపర్ వేయడానికి ఒక కవరు. ఇవన్నీ ఒకే బుట్టలో పెట్టి, మంచానికి మీ చేయి బాగా పనిచేసే వైపు ఉంచుకోండి. సగం పనిలో దేనికోసమో లేచి వెళ్ళాల్సి వస్తే పడిపోయే ప్రమాదం ఉంది. నేల తడిగా ఉండకూడదు, కాలికింద జారే చాప ఉండకూడదు. పడుకున్న మనిషి ఒక్కసారిగా లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి. ఒకటి రెండు నిమిషాలు మంచం అంచున కూర్చుని, తర్వాతే నిలబడండి.

చేతులు కడుక్కుని, చర్మం శుభ్రంగా తుడిచి, పొడిగుడ్డతో మెల్లగా అద్దండి. రుద్దొద్దు. ఆడవాళ్ళు ఎప్పుడూ ముందునుంచి వెనక్కే తుడుచుకోవాలి. వెనకనుంచి ముందుకి తుడిస్తే మలంలోని క్రిములు మూత్రనాళం దగ్గరికి చేరి ఇన్ఫెక్షన్ రావచ్చు. రాషెస్ వచ్చే అవకాశం ఉంటే జింక్ ఆక్సైడ్ క్రీమ్ గానీ పెట్రోలియం జెల్లీ గానీ పల్చగా రాసుకోండి. మందంగా పులిమితే అది డైపర్‌కి అంటుకుని, తడిని లోపలికి ఇంకనివ్వదు. పౌడరు వద్దు, చెమటకి, తడికి ముద్దలు కట్టి గజ్జల్లో ఒరుసుకుంటుంది. క్రీమ్ రాశాక వేళ్ళు బాగా తుడుచుకోండి. జిడ్డు వేళ్ళతో ముట్టుకుంటే టేపు అంటుకోదు. నేనైతే క్రీమ్ ఎడమచేత్తో రాసి, టేపులు కుడిచేత్తో పట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఈ మడత మానకండి

డైపర్‌ని ప్యాకెట్‌లోంచి తీసి నేరుగా కింద పెట్టుకోవద్దు. ముందు పూర్తిగా విప్పండి. లోపలి తెల్లటి భాగం లోపలే ఉండేలా నిలువుగా సగానికి మడవండి, పొడవు అలాగే ఉండి వెడల్పు సగం అవ్వాలి. రెండు చివర్లూ పట్టుకుని మెల్లగా ఒక్కసారి లాగండి. వదిలేసరికి దానంతట అదే వంపు తిరిగి దోనె ఆకారంలోకి వస్తుంది, తొడల దగ్గరి ఎలాస్టిక్ కూడా మేల్కొంటుంది. ఇప్పుడు తెరిచి, లోపలి గట్లు రెండింటి వెంబడీ వేలు పోనిచ్చి లేపండి. ఇంతా కలిపి పది సెకన్ల పని. గట్టిగా దులపకండి, లోపలి గుజ్జు ఒకచోటికి చేరుతుంది.

ఈ దోనె ఆకారం వల్ల డైపర్ మధ్యభాగం ఒంటికి ఆనుకుని ఉంటుంది. చదునుగా పెట్టుకున్న డైపర్ తొడల మధ్య ముద్దగా నలిగి, ఒక గట్టు ఎప్పుడూ లోపలికి మడతపడిపోతుంది.

పడుకుని వేసుకోవడం

మంచం దిగి నిలబడగలిగితే ఇది చాలా సులువు. మీ తుంటి ఎక్కడికి వస్తుందో అక్కడ డైపర్‌ని పరచండి. టేపులున్న వైపు తలగడ దిక్కుగా ఉండాలి. దాని మధ్యలో కూర్చుని, చేతులు వెనక్కి ఆనించి మెల్లగా వెల్లకిలా పడుకోండి. వెనక పై అంచు మీరు మామూలుగా బెల్టు పెట్టుకునే గీత దగ్గరికి రావాలి.

మంచం దిగలేకపోతే ఒత్తిగిలి వేసుకోవాలి. ముందుగా ఎడమవైపుకి తిరగండి. నడుముకి ఆపరేషన్ అయినవాళ్ళు భుజాలు, తుంటి ఒకేసారి కదిలేలా, దుంగ దొర్లినట్టు తిరగాలి. నడుము దగ్గర మెలి పడకూడదు. మంచానికి పట్టుకునే కమ్మీ ఉంటే ఎడమచేత్తో అది పట్టుకోండి. కుడిచేత్తో డైపర్‌ని వెనక్కి తెచ్చి, దాని మధ్య గీత మీ వెన్నెముక గీతకి సరిగ్గా వచ్చేలా పిరుదులకి ఆనించండి. పరుపు వైపున్న సగాన్ని చుట్టచుట్టి మీ ఒంటి కిందికి దోపండి. ఎంత లోపలికి దోపితే అంత మంచిది. డైపర్‌ని చేత్తో అదిమిపట్టుకునే వెల్లకిలా తిరగండి. ఆపకుండా ఇంకొంచెం కుడివైపుకి ఒరగండి. ఇప్పుడు చుట్టచుట్టిన భాగం ఎడమవైపు బయటపడుతుంది. దాన్ని లాగి విప్పండి.

మోకాళ్ళు మడిచి, పాదాలు పరుపు మీద గట్టిగా ఆనించి తుంటి రెండంగుళాలు లేపగలిగితే ఇంత దొర్లడం కూడా అక్కర్లేదు. లేపి ఉంచి, డైపర్‌ని కిందికి జరపడమే. కానీ నడుముకీ, తుంటికీ ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టర్ని అడగకుండా ఇలా లేపకండి. నన్ను రెండు నెలలు లేపనివ్వలేదు.

మధ్యలో ఉందో లేదో పడుకున్న మనిషికి కనిపించదు. దానికి కొలత మీ రెండు చేతులే. డైపర్ రెండు రెక్కలూ చెరో చేత్తో పట్టుకుని పక్కలకి లాగి చూడండి. రెండు వైపులా బయటికి వచ్చిన పొడవు సమానంగా ఉందనిపిస్తే మధ్యలో ఉన్నట్టే. ఒకవైపు ఎక్కువ ఉంటే ఇప్పుడే సరిచేసుకోవాలి. టేపులు వేశాక సరిచేయడం కుదరదు.

ఇక మోకాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి, ముందు భాగాన్ని తొడల మధ్యలోంచి పైకి లాగండి. తొడల మధ్య ఉన్నంతసేపు సన్నగా, దోనెలాగే రానివ్వండి. పొట్ట మీదికి వచ్చాకే వెడల్పు చేయండి. తొడల మధ్యే విప్పేస్తే కుచ్చులు గజ్జల్లో కూర్చోకుండా తొడల మీదికి వచ్చేస్తాయి. ముందు అంచు, వెనక అంచు ఒకే ఎత్తులో ఉండాలి. ముందు వైపు చాలకపోతే వెనక మరీ పైకి పెట్టారన్నమాట.

మగవాళ్ళు టేపులు వేసేముందు పురుషాంగం కిందివైపుకి ఉండేలా సర్దుకోవాలి. పైకి గానీ పక్కకి గానీ తిరిగి ఉంటే, డైపర్ మొత్తం పొడిగా ఉండగానే పొట్ట మీదినుంచో గజ్జలోంచో చొక్కా తడిసిపోతుంది. మగవాళ్ళ లీకుల్లో నేను ఎక్కువగా విన్నది ఇదే. ఆడవాళ్ళకి, ముఖ్యంగా పడుకున్నప్పుడు, తడి వెనక్కి పోతుంది. అందుకని వెనక భాగం నలగకుండా, పిరుదులు పూర్తిగా కప్పేలా ఉండటం ముఖ్యం.

టేపులు: ముందు కింద, తర్వాత పైన

మామూలుగా రెండు వైపులా రెండేసి టేపులు, మొత్తం నాలుగు ఉంటాయి. ముందు కిందివి వేయాలి. వాటిని నేరుగా కాకుండా కొంచెం పైకి వాలుగా లాగి అంటించండి. అప్పుడు తొడ దగ్గర కుచ్చు బిగుస్తుంది. తర్వాత పైవి రెండూ కొంచెం కిందికి వాలుగా. ఇవి నడుము దగ్గర పట్టు ఇస్తాయి. పైవి ముందు వేస్తే నడుము బిగుస్తుంది గానీ తొడలు వదులుగానే మిగిలిపోతాయి.

ఒక్కరే వేసుకునేటప్పుడు వచ్చే చిక్కు ఏంటంటే, ఎడమ టేపు గట్టిగా లాగేసరికి డైపర్ మొత్తం ఎడమకి జరిగిపోతుంది. అందుకని మొదటి టేపు వేసేటప్పుడు రెండో రెక్కని ఇంకో చేత్తో గట్టిగా పట్టి ఉంచండి. మొదటిది వదులుగా అంటించి, రెండోది సరైన బిగువులో వేసి, మళ్ళీ మొదటిదాని దగ్గరికి వచ్చి బిగించండి. ఇది డైపర్ పైపొర గుడ్డలా ఉండి, టేపు గరుగ్గా పట్టుకునే రకమైతే ఎన్నిసార్లయినా కుదురుతుంది. పైపొర ప్లాస్టిక్‌లా నున్నగా, టేపు జిగురుగా ఉంటే ఒకసారి అంటించాక తీయడం కష్టం, పొర చిరిగిపోవచ్చు. చాలావాటికి ముందువైపు టేపు అంటించడానికి వేరే పట్టీ ఉంటుంది, దాని మీదే వేయండి. మీ దగ్గరున్నది ఏదో పగలే చూసుకోండి. తల కింద రెండు తలగడలు పెట్టుకుంటే పొట్ట మీది టేపులు కనిపిస్తాయి.

బిగువు ఎంత ఉండాలంటే, నడుము దగ్గర రెండు వేళ్ళు దూరాలి, మూడోది దూరకూడదు. టేపు చర్మానికి అంటకూడదు.

చివరగా చూపుడువేలు రెండు గజ్జల వెంబడీ పోనివ్వండి. కుచ్చు తొడ మీద కాకుండా సరిగ్గా గజ్జ మడతలో కూర్చోవాలి, బయటికి తిరిగి ఉండాలి. లోపలికి మడతపడిన కుచ్చు వేలికి తాడులా గట్టిగా తగులుతుంది. తగిలితే మెల్లగా బయటికి లాగండి. యూరిన్ ట్యూబ్ ఉన్నవాళ్ళు అది డైపర్ కింద నలగలేదని కూడా చూసుకోవాలి.

నిలబడి వేసుకోవడం

గోడ, దాని పక్కన చేతికి అందే కమ్మీ గానీ కదలని బరువైన బల్ల గానీ ఉండాలి. చక్రాల కుర్చీ పట్టుకుని వేసుకోవాల్సి వస్తే బ్రేకు వేశారో లేదో రెండుసార్లు చూడండి.

గోడకి జానెడు దూరంలో వీపు పెట్టి, కాళ్ళు భుజాలంత ఎడంగా నిలబడండి. దోనెలా మడిచిన డైపర్‌ని టేపులున్న చివర ముందుగా పోయేలా తొడల మధ్యలోంచి ముందునుంచి వెనక్కి పంపండి. వెనక చేత్తో అందుకుని, రెక్కలు విప్పి, బెల్టు ఎత్తుకి తీసుకురండి. ఇప్పుడు వెనక్కి వాలి పిరుదులతో దాన్ని గోడకి అదిమి పట్టండి. గోడే మీ మూడో చెయ్యి. రెండు చేతులూ ఖాళీ అయ్యాయి కదా, ముందు భాగాన్ని పైకి లాగి, మోకాళ్ళు కొంచెం వంచి, ఇందాక చెప్పిన వరుసలోనే టేపులు వేసుకోండి. మోకాళ్ళు వంచడం వల్ల డైపర్ గజ్జల్లోకి బాగా కూర్చుంటుంది. వేసుకున్నాక ఒకసారి కూర్చుని లేచి చూడండి. నిలబడి బిగించినది కూర్చునేసరికి పొట్ట దగ్గర ఒత్తుతుంది, అప్పుడు పై టేపులు కొంచెం సడలించాలి.

ప్యాంటు రకం, ఒక చెయ్యి బలహీనంగా ఉన్నవాళ్ళు

ప్యాంటు రకాన్ని ఎప్పుడూ కూర్చునే ఎక్కించుకోండి. ఒంటికాలి మీద నిలబడి వేసుకోబోయి పడిపోతారు. కుర్చీలో కూర్చుని, రెండు కాళ్ళూ దూర్చి మోకాళ్ళ పైదాకా లాగి, అప్పుడు లేచి పైకి లాక్కోవాలి. పక్షవాతం వల్లో మరోదానివల్లో ఒకవైపు బలం తగ్గినవాళ్ళు ఎక్కించేటప్పుడు బలం లేని కాలు ముందు, తీసేటప్పుడు బలమున్న కాలు ముందు. తుంటి మార్పిడి అయ్యి వంగకూడదన్న వాళ్ళకి పొడవాటి పట్టుకర్రలు దొరుకుతాయి, దాంతో కాళ్ళలోకి ఎక్కించుకోవచ్చు. తడిసిన ప్యాంటుని కాళ్ళలోంచి కిందికి లాగకుండా రెండు పక్కల కుట్లూ చింపితే విడివడుతుంది, కాళ్ళకేమీ అంటదు.

ఒక్క చేత్తో టేపు రకం వేసుకోవాలంటే ఒక ఉపాయం ఉంది. ముందే, డైపర్ ఇంకా మంచం మీద ఉండగానే, బలం లేని వైపు టేపులు రెండూ వదులుగా అంటించేయండి. అప్పుడది ఒకవైపు మూసుకున్న చెడ్డీలా అవుతుంది. ఆ కాలు అందులో దూర్చి, తుంటి మీదికి లాక్కుని, రెండోవైపు టేపులు బలమున్న చేత్తో వేసుకోవడమే.

మార్చుకోవడం

విరేచనం అయితే ఆ క్షణమే మార్చాలి. యూరిన్ అయితే పగలు నాలుగైదు గంటలకోసారి గీత రంగు, బరువు చూసుకుంటూ మార్చండి. ఖర్చు తగ్గుతుందని నిండిన డైపర్‌ని లాగించొద్దు. నానిన చర్మం చిట్లితే మానడానికి వారాలు పడుతుంది.

తీసేటప్పుడు టేపులు విప్పి, ముందు భాగాన్ని లోపలికి చుట్టుకుంటూ వెనక్కి లాగండి. ముందునుంచి వెనక్కే. మొత్తం ఉండలా చుట్టి, దాని టేపులతోనే బిగించి, కాగితంలోనో కవరులోనో పెట్టి చెత్తబుట్టలో వేయండి. టాయిలెట్‌లో పడేస్తే లోపలి పొడి ఉబ్బి పైపు మూసుకుపోతుంది. వీలుంటే కొత్తది వేసుకునేముందు ఐదు పది నిమిషాలు గాలి తగలనివ్వండి, కింద ఒక రబ్బరు షీటు వేసుకుని.

ఎక్కడినుంచి కారితే ఏం తప్పు

తడిసిన చోటే తప్పేంటో చెబుతుంది. ఒక తొడ దగ్గరే కారితే ఆ వైపు గట్టు మడతపడింది, లేదా డైపర్ పక్కకి జరిగింది. రెండు తొడల దగ్గరా కారితే సైజు పెద్దది, లేదా కింది టేపులు వదులు. పొట్ట మీదినుంచి వస్తే మగవాళ్ళు ఇందాక చెప్పింది చూసుకోవాలి. బోర్లా పడుకునే అలవాటున్నా అంతే. వీపు కింద తడిస్తే వెనక అంచు కిందికి ఉంది. డైపర్ పట్టలేనంత పోతుంటే ఎక్కువ పీల్చే రాత్రి రకం తీసుకోండి, లేదా లోపల అదనపు ప్యాడ్ పెట్టుకోండి. ఆ ప్యాడ్ కింద ప్లాస్టిక్ పొర ఉండకూడదు. ఉంటే తడి కింది డైపర్‌లోకి దిగకుండా ప్యాడ్ అంచులనుంచి పొంగుతుంది. నేను ఈ సంగతి తెలియక ఒక వారమంతా రెండు వేసుకుని కూడా తడిశాను.

కారుతోందని నీళ్ళు తాగడం మాత్రం తగ్గించకండి. నీళ్ళు తగ్గితే యూరిన్ చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా చికాకు పెడుతుంది, మంట, వాసన పెరుగుతాయి. రాత్రి పడుకునే రెండు గంటల ముందునుంచి తగ్గించుకుని, ఆ లోటు పగలు తీర్చుకోండి. కాఫీ, టీ తగ్గిస్తే చాలామందికి తేడా తెలుస్తుంది.

డాక్టర్‌కి చూపించాల్సినవి

డైపర్ అలవాటైపోయిందని చూపించుకోవడం మానొద్దు. ఆపుకోలేకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. కటి కండరాల వ్యాయామాలతో, మందులతో తగ్గేవీ ఉన్నాయి. యూరిన్‌లో మంట, రక్తం, జ్వరం, ఘాటైన వాసన ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు. ఎర్రటి మచ్చ చుట్టూ చిన్న చిన్న పొక్కులు వచ్చి దురద పెడుతుంటే ఫంగస్ కావచ్చు, మామూలు క్రీమ్‌తో పోదు. పొత్తికడుపు బిగుసుకుపోయి యూరిన్ అసలు రాకపోతే వెంటనే వెళ్ళాలి. నడుము నొప్పితో పాటు తొడల మధ్య, కూర్చునే చోట స్పర్శ తెలియకుండా పోయి, కాళ్ళు బలహీనమై, ఒక్కసారిగా పట్టు తప్పితే అది ఎమర్జెన్సీ. తెల్లారేదాకా ఆగకూడదు.

రాత్రి, బయటికి వెళ్ళినప్పుడు

రాత్రికి పక్క మీద ఒక అండర్‌ప్యాడ్, అంటే పరుపు తడవకుండా పరుచుకునే ప్యాడ్ వేసుకుని, తలగడ పక్కన చిన్న లైటు, దోనెలా మడిచి సిద్ధంగా పెట్టిన డైపర్ ఒకటి ఉంచుకోండి. నిద్రమత్తులో మడత మర్చిపోతాం కాబట్టి పడుకునే ముందే మడిచి పెట్టడం. నిశ్శబ్దంగా ఉన్న గదిలో టేపు విప్పితే చర్రుమని చప్పుడు వస్తుంది. పక్కవాళ్ళు లేస్తారని నాకు టెన్షన్‌గా ఉండేది. టేపు మీద బొటనవేలు అదిమి ఉంచి నెమ్మదిగా విప్పితే ఆ చప్పుడు బాగా తగ్గుతుంది.

బయటికి వెళ్ళడానికి సిగ్గుపడేవాళ్ళకి ఒక్క సంగతి చెప్పాలి. 1961 మే 5న అమెరికా వ్యోమగామి అలన్ షెపర్డ్ వెళ్ళిన ప్రయాణం పావుగంటే. కానీ రాకెట్‌లో గంటల తరబడి ఎదురుచూడాల్సి వచ్చి, ఏ ఏర్పాటూ లేక సూట్‌లోనే మూత్రం పోసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు అంతరిక్షంలో నౌక బయటికి వచ్చి ఆరేడు గంటలు పనిచేసేవాళ్ళు సూట్ లోపల వేసుకునేది డైపరే.

వదులుగా, ముదురు రంగులో ఉన్న ప్యాంటు గానీ, చీర, డ్రెస్ గానీ వేసుకుంటే బయటికి ఏమీ తెలియదు. చప్పుడు అనిపిస్తే డైపర్ మీద ఒక కాటన్ చెడ్డీ వేసుకోండి, డైపర్ జారకుండా కూడా పట్టి ఉంచుతుంది. సంచిలో రెండు డైపర్లు, వైప్స్, రెండు మూడు నల్ల కవర్లు, ఒక జత బట్టలు. ఇల్లు కదిలే ముందు ఒకటి కొత్తది వేసుకుని, వెళ్ళిన చోట బాత్రూమ్ ఎక్కడుందో, లోపల పట్టుకోవడానికి కమ్మీ ఉందో లేదో చేరగానే చూసుకోండి. కమ్మీ లేకపోతే తలుపు గడియ వేసి, ఆ తలుపుకే వీపు ఆనించి వేసుకోవచ్చు. గోడ చేసే పని గట్టి తలుపు కూడా చేస్తుంది.